కార్ఖానా కన్న కళ: రాగిరేకు ఎచ్చింగ్ చరిత్ర

రాగిరేకు మీద మైనం పూత పూసి, దాని మీద సూదితో బొమ్మ గీసి, ఆ గీతలను యాసిడ్‌తో తినిపించి, వాటిలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీసే పనిని ఎచ్చింగ్ అంటారు. ఐరోపాలో ఐదు వందల ఏళ్ళ నుంచి సాగుతున్న ఈ కళ గురించి పుస్తకాల్లో ఒక కథ దాదాపు ఒకే తీరున కనిపిస్తుంది. ఎచ్చింగ్‌కు ముందు రాగి మీద బొమ్మ చెక్కాలంటే బ్యూరిన్ అనే సన్నటి ఉలిని అరచేతి బలంతో లోహంలోకి నెట్టాలి. ఒక్క వంపు తీరుగా తిరగాలన్నా ఏళ్ళ తరబడి శిష్యరికం చేయాలి. ఎచ్చింగ్ వచ్చాక ఆ తిప్పలు తప్పాయి, చిత్రకారుడు కాగితం మీద గీసినంత సులువుగా లోహం మీద గీయగలిగాడు, పనివాడి అవసరం తీరిపోయి కళాకారుడికి స్వేచ్ఛ వచ్చింది అన్నది ఆ కథ. ఇందులో అబద్ధం లేదు గానీ ఉన్నది సగం నిజమే. సూదికి స్వేచ్ఛ వచ్చిన మాట వాస్తవం. ఆ స్వేచ్ఛ ఒక్కదానితోనే కళ ఎదిగిందనడానికి మాత్రం చరిత్రలో ఆధారం దొరకదు. ఎచ్చింగ్ ముందడుగు వేసిన ఒక్కో ఘట్టాన్ని విప్పి చూస్తే, దాని వెనక ఆయుధాలు చేసేవాళ్ళో, వాద్యాలు చేసేవాళ్ళో, పటాలు చెక్కేవాళ్ళో, నూనెల రసాయనం తెలిసినవాళ్ళో కనిపిస్తారు. చిత్రకారుడు చేతిపనిని వదిలించుకోవడం వల్ల కాక, పక్క వృత్తి పనితనాన్ని అరువు తెచ్చుకోవడం వల్ల ఈ కళ పెరిగిందని ఈ వ్యాసం వాదన.

పని ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే ఈ మాటకు మొదటి ఆధారం అక్కడే దొరుకుతుంది. ముందు రాగిరేకును గరుకు లేకుండా నున్నగా సానపట్టాలి. అంచులను వాలుగా అరగదీయాలి, లేకపోతే ప్రెస్ కింద అవి కాగితాన్ని కోస్తాయి. వేలిజిడ్డు మిగలకుండా సుద్దపొడితో కడగాలి, జిడ్డున్న చోట పూత పట్టదు. తేనెమైనం, గుగ్గిలం, తారు లాంటి బిట్యుమెన్ కలిపి కాచిన ముద్దను వేడి రేకు మీద పలచగా పరుస్తారు. రేకును బోర్లించి, కింద కొవ్వొత్తుల మంట తిప్పి పూతకు మసి పట్టిస్తారు. నల్లబడ్డ పూత మీద సూది నడిచిన చోటల్లా రాగి ఎర్రగా బయటపడుతుంది. ఇక్కడ సూది రాగిని కోయదు, పూతను మాత్రమే తొలగిస్తుంది. లోతు తేవడం యాసిడ్ పని. నత్రికామ్లం వాడితే గీతల వెంట బుడగలు లేస్తాయి. వాటిని ఈకతో తుడుస్తూ ఉండాలి, లేకపోతే గీతను యాసిడ్ తునకలు తునకలుగా తింటుంది. లేతగా ఉండాల్సిన గీతలు కాసేపట్లో తయారవుతాయి. రేకును బయటికి తీసి, కడిగి, ఆ గీతలను వార్నిష్‌తో మూసేసి, మిగిలినవాటిని మళ్ళీ ముంచుతారు. ఇలా రెండుసార్లు, మూడుసార్లు, అవసరమైతే ఇంకా ఎక్కువసార్లు. యాసిడ్ వేడి వాతావరణంలో ఒక వేగంతో, చలిలో ఇంకో వేగంతో పనిచేస్తుంది. కొత్త యాసిడ్ ఒకలా, ఇప్పటికే రాగిని కరిగించుకుని నీలి రంగు తిరిగిన యాసిడ్ ఇంకోలా కొరుకుతాయి. ఏ గీత ఎప్పుడు చాలన్నది బొమ్మ గీయడం వచ్చినంత మాత్రాన తెలిసే సంగతి కాదు.

అచ్చు తీయడం దగ్గర మళ్ళీ ఇదే సంగతి. పూత తీసేసిన రేకును కాస్త వేడి చేసి, చిక్కటి నూనెసిరాను గీతల్లోకి కూరుతారు. పైపైన మిగిలిన సిరాను గంజి పెట్టిన పలచటి గుడ్డతో తుడిచి, చివరికి సుద్ద రాసుకున్న అరచేత్తో ఒక్కసారి నిమురుతారు. ఎంత తుడవాలన్నది తుడిచే చేతి ఇష్టం. పూర్తిగా తుడిస్తే తెల్లటి కాగితం మీద గీతలు మాత్రమే నిలుస్తాయి. పలచటి సిరాపొర వదిలేస్తే అదే బొమ్మకు సాయంకాలపు మసక వస్తుంది. ముందే తడిపి, పైనీరు అద్దేసిన కాగితాన్ని రేకు మీద పరిచి, పైన ఉన్ని దుప్పట్లు వేసి, రెండు రోలర్ల మధ్య నుంచి గట్టి ఒత్తిడితో పోనిస్తారు. మెత్తబడ్డ కాగితం గీతల అడుగుదాకా దిగి సిరాను తీసుకుంటుంది. రేకు అంచు కాగితంలో పల్లంగా ముద్రపడుతుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది. ఈ మొత్తంలో చిత్రకారుడి సూది పని చేసిన సమయం కొద్దిభాగమే. మిగతాది లోహం సంగతి, రసాయనం సంగతి, కాగితం సంగతి. గీయడం సులువైనంత మాత్రాన ఎచ్చింగ్ సులువు కాలేదు. కష్టం సూది దగ్గర నుంచి యాసిడ్ తొట్టి దగ్గరికి, ప్రెస్ దగ్గరికి జరిగిందంతే.

ఆరంభమే చూద్దాం. జర్మనీలో కత్తుల మీద, ఇనుప కవచాల మీద యాసిడ్‌తో అలంకారాలు తినిపించే పని ముద్రణ కోసం ఎచ్చింగ్ వాడకముందే ఉంది. ఆ కవచాలకు పేరుపడ్డ ఊళ్ళలో ఆగ్స్‌బర్గ్ ఒకటి. 1493లో అక్కడ పౌరుడిగా నమోదైన డేనియల్ హోప్ఫర్ వృత్తి కవచాల మీద ఈ అలంకారాలు చేయడమే. ఆయన పేరుతో 1536 నాటి డాలు ఒకటి ఇప్పటికీ మాడ్రిడ్ రాజాయుధశాలలో ఉంది. కవచం మీద చేసే పనినే ఇనుపరేకు మీద చేసి, సిరా పూసి కాగితం మీదికి తీయవచ్చని 1500 ప్రాంతంలో ఆచరణలో చూపినవాడు హోప్ఫరే. తేదీ ఉన్న మొట్టమొదటి ఎచ్చింగ్ 1513 నాటిది. దాన్ని చేసిన స్విట్జర్లాండ్ కళాకారుడు ఉర్స్ గ్రాఫ్ కంసాలిపని నేర్చినవాడు. అంటే ఈ కళకు పురుడు పోసింది చిత్రకారుల గది కాదు, కొలిమి పక్క గది. హోప్ఫర్ కుటుంబం పనిలో ఎంత గట్టిదనం ఉందంటే, వాళ్ళ రేకుల్లో 230 దాకా 17వ శతాబ్దంలో నూరెంబర్గ్ పుస్తకవ్యాపారి డేవిడ్ ఫుంక్ చేతికి చేరాయి. ఆయన వాటి మీద నంబర్లు వేసి మళ్ళీ అచ్చులు తీసి అమ్ముకున్నాడు. నూరేళ్ళు దాటినా అవి అచ్చుకు పనికొచ్చాయి.

ఆ కాలపు అతిపెద్ద చిత్రకారుడు ఈ పనిలో దిగితే ఏమైందో కూడా గమనించాలి. బ్యూరిన్ పట్టడంలో సాటిలేని ఆల్బ్రెహ్ట్ డ్యూరర్ 1515 నుంచి 1518 మధ్య ఇనుపరేకుల మీద ఆరు ఎచ్చింగులు చేశాడు. చివరిదైన ఫిరంగి ఉన్న ప్రకృతిదృశ్యం గొప్ప బొమ్మే. అయినా ఆయన ఆ తర్వాత ఎచ్చింగ్ జోలికి పోలేదు. ఇనుమును యాసిడ్ సమంగా తినదు, గీతలన్నీ ఒకే మందంతో మొరటుగా వస్తాయి, రేకు తుప్పుపడుతుంది. డ్యూరర్ ప్రతిభ ఈ అడ్డంకిని దాటించలేదు. దాటించింది లోహాన్ని మార్చడం. 1520లో నెదర్లాండ్స్‌కు చెందిన లూకస్ వాన్ లైడెన్ చక్రవర్తి మాక్సిమిలియన్ రూపచిత్రాన్ని రాగి మీద చేశాడు. ముఖాన్ని బ్యూరిన్‌తో చెక్కి, మిగతా భాగంలో చాలావరకు ఎచ్చింగ్ వాడాడు. రాగి మెత్తన, యాసిడ్‌కు సమంగా లొంగుతుంది, తర్వాత ఉలితో సరిదిద్దుకోవడానికీ వీలిస్తుంది. ఇనుము మీద ఈ రెండూ కలిసి సాగవు. ఎచ్చింగ్ కళాకారుల చేతికి పూర్తిగా రావడానికి దారి వేసింది ఈ మార్పే.

రాగిరేకు అనగానే తెలుగు పాఠకుడికి దానశాసనాలు గుర్తుకొస్తాయి. అందుకే ఇక్కడ ఒక ప్రశ్న సహజం. 11వ శతాబ్దంలో నన్నయ రచించిన నందంపూడి శాసనం రాగిరేకుల మీదిదే. తిరుమలలో తాళ్ళపాక కవుల కీర్తనలను 16వ శతాబ్దంలో, అంటే ఐరోపాలో ఎచ్చింగ్ నిలదొక్కుకుంటున్న కాలంలోనే, వేలకొద్దీ రాగిరేకులకు ఎక్కించారు. లోహం మీద అక్షరం చెక్కడంలో ఇంత అనుభవం ఉన్నచోట అచ్చు తీసే కళ ఎందుకు రాలేదు? శాసనంలో రేకే పత్రం, రేకే సాక్ష్యం. దాన్ని నేరుగా చదవాలి, ముద్ర ఉన్న కడియంతో గుచ్చి దాచాలి. ఎచ్చింగ్‌లో రేకు దారిలో ఒక మజిలీ మాత్రమే. దాన్నుంచి కాగితం మీదికి బొమ్మ రావాలంటే తడిపితే చిరగని గుడ్డపీచు కాగితం, లోహానికి అంటే నూనెసిరా, సమంగా ఒత్తే రోలర్ ప్రెస్, ఆ మూడింటినీ నడిపే మనుషులు, కొనే బజారు అన్నీ ఒకేచోట కలవాలి. ఐరోపా పట్టణాల్లో 15వ శతాబ్దంలో కంసాలులు, కాగితం మిల్లులు, పుస్తకాల అచ్చుకూటాలు ఇరుగుపొరుగున ఉండటం వల్ల ఆ కలయిక జరిగింది. చెక్కే చేయి ఎంత నేర్పరిదైనా చుట్టూ మిగతా వృత్తులు లేకపోతే అచ్చు పుట్టదని ఈ పోలిక చెబుతుంది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం ఇటలీ నుంచి వస్తుంది. ఆ దేశంలో ఎచ్చింగ్‌ను పట్టించుకున్న తొలి పేరున్న చిత్రకారుడు పార్మిజానినో. 1530 ప్రాంతంలో ఆయన చేసిన చిన్న చిన్న ఎచ్చింగుల్లో పనితనం అంతంతమాత్రం. యాసిడ్ అక్కడక్కడ పూత కిందికి కారి మరకలు చేసింది. అయినా ఆ గీతల్లోని చురుకుదనం చూస్తే ఆయన గీస్తుండగా చూసినట్టు ఉంటుంది. చేతిపని సరిగా రాకపోయినా కళ వచ్చింది కదా అని అడగవచ్చు. వచ్చింది, కాని అక్కడే ఆగింది. పార్మిజానినో ఎచ్చింగులు ఆయన కలంబొమ్మలకు దగ్గరి చుట్టాలు. కాగితం మీద గీసింది లోహం మీద గీశాడు. లోతైన నీడ, దగ్గర దూరాల తేడా, వెలుగు మెల్లగా చీకట్లోకి దిగడం లాంటి ఎచ్చింగ్ మాత్రమే ఇవ్వగల గుణాలను ఆ దారి ఇవ్వలేదు. స్వేచ్ఛగా కదిలే సూది ఒక్కటే చాలి ఉంటే ఆ తర్వాతి తరం ఇటలీలో అద్భుతాలు జరిగి ఉండాలి. అవి జరగడానికి మరో వృత్తి రంగప్రవేశం చేయాల్సి వచ్చింది.

ఆ వృత్తి తంత్రీవాద్యాలు చేసేవాళ్ళది. ఫ్రాన్స్ సరిహద్దు లొరేన్ ప్రాంతంలోని నాన్సీలో 1592లో పుట్టిన జాక్ కాలో ఫ్లోరెన్సులో మెదీచీ ప్రభువుల కొలువులో పనిచేశాడు. మామూలు మైనం పూతతో ఒక చిక్కుంది. పొరపాటున చేయి ఆనితే చెదురుతుంది, గీతలు దగ్గరదగ్గరగా పడితే మధ్యలోది పెచ్చులుగా ఊడుతుంది, యాసిడ్ అడుగు నుంచి జొరబడుతుంది. ల్యూట్ అనే వాద్యానికి పూసే గట్టి వార్నిష్‌ను కాలో రేకులకు పూయడం మొదలుపెట్టాడు. కాచి గట్టిపరిచిన ఆ పూత యాసిడ్‌ను ఎంతసేపైనా ఆపుతుంది. కొన కోసుగా ఏటవాలున కోసిన ఎషోప్ అనే సూదిని కూడా వాడాడు. దాన్ని చేతిలో తిప్పుతూ గీస్తే ఒకే గీత సన్నగా మొదలై, మధ్యలో బలిసి, మళ్ళీ సన్నబడుతుంది. పూత గట్టిదైంది కాబట్టి రేకును మళ్ళీ మళ్ళీ యాసిడ్‌కు పెట్టి దూరపు కొండలను లేతగా, ముందున్న మనుషులను ముదురుగా తెచ్చే వీలు కలిగింది. 1620 నాటి ఇంప్రునేతా సంత ఎచ్చింగ్‌లో వెయ్యికి పైగా మనుషులున్నారు. దూరాన చీమంత ఉన్నవాడి నడకలోనూ తొందర కనిపిస్తుంది. 1633లో 18 రేకులుగా వచ్చిన యుద్ధదుఃఖాల వరసలో ఒకే చెట్టుకు వేలాడుతున్న శవాల గుంపును చూసినవాళ్ళు మరిచిపోలేరు. కాలో చూపు గొప్పది, సందేహం లేదు. ఆ చూపుకు తగ్గ సన్నదనం మాత్రం వార్నిష్ డబ్బాలోంచి వచ్చింది.

కాలో మరణించిన పదేళ్ళకు, 1645లో, పారిస్‌లో అబ్రహాం బోస్ ఎచ్చింగ్ పనికి తొలి సమగ్ర పాఠ్యగ్రంథం ప్రచురించాడు. గట్టి పూతకు ఎలాంటి ద్రావకం వాడాలో, అంటే వెనిగర్‌లో నవాసారం, ఉప్పు, రాగిచిలుము ఎలా కలిపి కాచాలో, వాలుగా నిలబెట్టిన రేకు మీద దాన్ని ఎలా పోస్తూ ఉండాలో, చివరికి ప్రెస్‌ను ఎలా బిగించాలో కూడా అందులో ఉంది. ఇక్కడ రెండో అభ్యంతరం లేస్తుంది. బోస్ దృష్టిలో మంచి ఎచ్చింగ్ అంటే చూసేవాళ్ళు బ్యూరిన్ పని అనుకునేంత శుభ్రంగా ఉన్నది. వృత్తిజ్ఞానం కళను ఇలా పాతదానికి నకలుగా మార్చేసిందని, దాన్ని బద్దలు కొట్టిన మేధావులే కళను నిలబెట్టారని అంటారు. అభ్యంతరంలో కొంత న్యాయముంది. వృత్తి తన అలవాటుకు తాను కట్టుబడితే కళ బిగుసుకుపోతుంది. కాని బోస్ పుస్తకం చేసిన మేలు వేరు. అంతదాకా గురువు నోట శిష్యుడి చెవికి మాత్రమే చేరిన వంటకాలు అచ్చెక్కాయి. 1662లో ఇంగ్లీషులోకి వెళ్ళాయి. ఆయన అభిరుచిని తోసిపుచ్చేవాడికి కూడా ఆయన పాఠం పనికొచ్చింది. అలవాటును బద్దలు కొట్టాలన్నా అలవాటు ఏమిటో తెలియాలి.

ఆ బద్దలు కొట్టడం బోస్ పుస్తకానికి ముందే నెదర్లాండ్స్‌లో మొదలైంది. హెర్క్యులిస్ సెగర్స్ అనే చిత్రకారుడు 1638 ప్రాంతంలో చనిపోయేనాటికి చేసిన రేకులు యాభైకి కాస్త అటూఇటూ. వాటి నుంచి మిగిలిన అచ్చులు దాదాపు 180. వీటిలో ఒకటి ఇంకోదాని పోలికతో ఉండటం అరుదు. రంగు పూసిన కాగితం మీద, గుడ్డ మీద, నీలి సిరాతో, పసుపు సిరాతో అచ్చులు తీశాడు. ముద్రణ అంటే ఒకే బొమ్మను ఎన్నోసార్లు తీయడమన్న నియమాన్ని ఆయన తలకిందులు చేశాడు. ఆయన చిత్రాలను ఎనిమిదింటిని కొని పెట్టుకున్న డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చేతికి సెగర్స్ రాగిరేకు కూడా ఒకటి చిక్కింది. అందులో తోబియాస్, దేవదూతల బొమ్మను చెరిపి, చుట్టూ ఉన్న అడవిని అలాగే ఉంచి, రెంబ్రాంట్ అక్కడ ఈజిప్టుకు పారిపోతున్న పవిత్ర కుటుంబాన్ని గీశాడు. రాగి మెత్తని లోహం కాబట్టి గీకి, నూరి, వెనక నుంచి తట్టి మళ్ళీ వాడుకోవచ్చు. రేకు అంటే ముగిసిన పని కాదని, ఎప్పుడైనా విప్పి కట్టుకోదగ్గ ముడిసరుకని రెంబ్రాంట్ గ్రహించాడు.

రెంబ్రాంట్ దాదాపు 300 ఎచ్చింగులు చేశాడు. వాటి వెనక ఆయన ఇంట్లోని ప్రెస్, మార్చి మార్చి వాడిన కాగితాలు ఉన్నాయి. డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చేరిన జపాన్ కాగితం కాస్త పసుపుగా, మెత్తగా ఉంటుంది. దాని మీద సిరా వెచ్చగా పరుచుకుంటుంది. ఒకే రేకును తెల్ల కాగితం మీద, జపాన్ కాగితం మీద, తోలుపొర మీద తీసి తేడా చూశాడు. 1650లో ఆయన చేసిన శంఖం బొమ్మను దగ్గరగా చూడాలి. హిందూ మహాసముద్రం నుంచి వచ్చే ఆ తెల్లమచ్చల శంఖాన్ని ఉన్నదున్నట్టు రేకు మీద గీయడంతో, అచ్చులో దాని చుట్లు ప్రకృతిలో ఉన్నదానికి ఎదురు దిక్కున తిరిగాయి. సంతకం మాత్రం అచ్చులో సరిగ్గా చదవబడేలా కుడి ఎడమలు తిప్పి రాశాడు. అంటే బొమ్మ తిరగబడుతుందని తెలిసే శంఖాన్ని అలా వదిలాడు. మొదటి అచ్చుల్లో శంఖం వెనక ఖాళీ తెలుపు. తర్వాతి దశలో అక్కడ ఒత్తైన గీతలతో చీకటి నింపాడు, శంఖం బరువుగా బల్ల మీద కూర్చుంది. 1653 నాటి మూడు శిలువలు ప్రధానంగా డ్రైపాయింట్, అంటే సూదిని నేరుగా రాగిలోకి నొక్కి గీసింది. గీత పక్కన లేచే రాగిపొట్టు సిరాను పట్టుకుని మెత్తటి నలుపు ఇస్తుంది, కొన్ని పదుల అచ్చులకే అరిగిపోతుంది. అలా అరిగిన రేకును ఆయన మళ్ళీ పట్టి, మనుషులను చెరిపి, చీకటి గీతలు కురిపించి వేరే చిత్రంగా మార్చాడు.

ఇదే రసాయనాలు, ఇవే కాగితాలు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకెంతోమందికి దొరికాయి, రెంబ్రాంట్ ఒక్కడే ఎందుకయ్యాడన్నది మూడో అభ్యంతరం, అన్నింటికంటే బలమైనది. ప్రతిభను కార్ఖానా పుట్టించదు. అది ఒప్పుకోవాలి. ప్రతిభ ఏ రూపం ఎత్తుతుందో మాత్రం కార్ఖానాయే నిర్ణయిస్తుంది. నూరు గిల్డర్ల బొమ్మగా పేరుపడిన 1648 నాటి ఎచ్చింగ్‌ను తీసుకుందాం. క్రీస్తు చుట్టూ రోగులు, పేదలు, వాదించే పండితులు. ఎడమవైపు గుంపు పలచటి గీతలతో దాదాపు నిండు వెలుగులో ఉంటుంది, కుడివైపు గుంపు డ్రైపాయింట్ నలుపులో మునిగి ఉంటుంది. ఈ అమరికను తైలవర్ణంలో ఊహించలేం. తెల్ల కాగితాన్నే వెలుగుగా వాడుకునే వీలు ఎచ్చింగ్‌కు ఉంది. ఇదే రేకు చివరికి కెప్టెన్ విలియం బెయిలీ అనే ఔత్సాహికుడి చేతిలో పడింది. 1775లో అరిగిన గీతలను ఆయన తిరిగి చెక్కి అచ్చులు తీశాడు, ఆపైన రేకును నాలుగు ముక్కలుగా కోసి ఒక్కో ముక్కనూ విడిగా అచ్చు వేశాడు. రేకు అదే, గీతలు చాలావరకు అవే. సిరా తుడిచిన తీరు, కాగితం, డ్రైపాయింట్ పొట్టు పోయాక మొదటి అచ్చుల వెలుగు మళ్ళీ రాలేదు. గీత ఒక్కటే కళ అయితే ఆ వెలుగు రావాల్సింది.

స్పెయిన్ చిత్రకారుడు గోయా విషయంలో ఇదే సాక్ష్యం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎచ్చింగ్‌లో గీతలే ఉంటాయి, నీడ కావాలంటే గీతల మీద గీతలు అల్లాలి. ఆక్వాటింట్ ఈ లోటు తీర్చింది. గుగ్గిలం పొడిని రేకు మీద దుమ్ములా పరిచి, వేడి చేసి అతికించి యాసిడ్‌లో పెడితే, గింజల సందుల్లో యాసిడ్ దిగి సమమైన నీడ వస్తుంది. 1760లలో ఫ్రాన్స్‌లో ల ప్రాన్స్ అనే చిత్రకారుడు ఈ పద్ధతిని నీటిరంగు చిత్రాలకు దీటైన అచ్చుల కోసం వాడాడు. అదే పొడి గోయా చేతిలో రాత్రి అయింది. ఆయన 80 రేకుల కాప్రీచోస్ వరస 1799లో మాడ్రిడ్‌లో అత్తర్లు, మద్యం అమ్మే కొట్లో అమ్మకానికి వచ్చింది. నెపోలియన్ సైన్యంతో యుద్ధం నడుస్తుండగా 1810లో మొదలుపెట్టిన యుద్ధవిపత్తుల వరసకు మంచి రాగి దొరకక, ముందు తాను చేసిన ప్రకృతిదృశ్యాల రేకులను సగానికి కోసి వెనకవైపు వాడుకున్నాడు. ఆ వరసను ఆయన బతికుండగా ప్రచురించలేదు. 1828లో ఆయన పోయాక, 1863లో మాడ్రిడ్ అకాడమీ అచ్చు వేసింది. ఆనాటి అభిరుచి ప్రకారం సిరాను బాగా వదిలేసి తుడిచారు. గోయా తాను తీసి చూసుకున్న అచ్చుల్లో తెల్లటి ఖాళీల్లో నగ్నంగా నిలబడ్డ హింస, అకాడమీ అచ్చుల్లో మసక కప్పుకుంది. ఒకే రేకు నుంచి రెండు వేర్వేరు యుద్ధాలు కనిపించడానికి కారణం తుడిచే గుడ్డ.

19వ శతాబ్దపు ఐరోపాలో చిత్రకారులు ఎచ్చింగ్‌ను మళ్ళీ తలకెత్తుకున్నప్పుడు మొదట్లో చెప్పిన సగం నిజానికి బలం చేకూరింది. ఫొటోగ్రఫీ వచ్చి నకళ్ళ వ్యాపారం కొట్టుకుపోతున్న సమయంలో, చిత్రకారుడి వేలిముద్ర నేరుగా పడే పని అంటూ ఎచ్చింగ్‌కు గౌరవం తెచ్చారు. విద్యుత్తుతో రాగి మీద పలచటి ఇనుపపొర పూసి వేలకొద్దీ అచ్చులు తీసే పద్ధతి అప్పుడే వచ్చింది. కొద్ది అచ్చులే తీసి సంతకం పెట్టి అమ్మే అలవాటు కూడా ఆ కాలంలోనే స్థిరపడింది. ఈ ఉద్యమానికి తలమానికమైన అమెరికా చిత్రకారుడు విస్లర్ ఎచ్చింగ్ ఎక్కడ నేర్చుకున్నాడు? 1854, 1855లలో వాషింగ్టన్‌లో అమెరికా ప్రభుత్వపు తీరప్రాంత సర్వే ఆఫీసులో, సముద్రపటాలు చెక్కే బల్ల దగ్గర. ఆయన ఫ్రెంచి వరస రేకులను 1858లో పారిస్‌లో అచ్చు తీసినవాడు డెలాట్ర్. సిరాపొరను తగినంత వదిలి బొమ్మకు గాలి పోయడంలో ఆయన చేయి తిరిగినవాడు. ఆ పద్ధతి వంటపట్టాక విస్లర్ 1879, 1880లలో చేసిన వెనిస్ రేకులను స్వయంగా ఏళ్ళ తరబడి తీస్తూ, ఒక్కో అచ్చుకూ నీటి మీది వెలుగును కొత్తగా తుడిచి తెచ్చాడు. స్వతంత్ర చిత్రకారుడిగా జనం మెచ్చిన మనిషి నిజానికి పటాల ఆఫీసుకూ, అచ్చుపనివాడికీ రుణపడ్డవాడు.

20వ శతాబ్దంలో ఈ కథ ఒక తెలుగువాడి దాకా వస్తుంది. పారిస్‌లో 1927లో ఆటెలియే 17 అనే అచ్చు కార్ఖానాకు పునాది వేసిన హేటర్ రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి ఇరాన్‌లోని ఆబదాన్‌లో చమురు కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. ఆ కార్ఖానాలో మిరో, జకోమెట్టి లాంటి కళాకారులు పక్కపక్కన పనిచేశారు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివిన కృష్ణారెడ్డి 1950లలో అక్కడ చేరి తర్వాత సహనిర్దేశకుడయ్యారు. రంగు ఎచ్చింగ్‌కు అంతదాకా ఒక్కో రంగుకు ఒక్కో రేకు కావాలి, లేదా ఒకే రేకును మళ్ళీ మళ్ళీ తీయాలి. బొంబాయికి చెందిన కైకో మోతీతో కలిసి కృష్ణారెడ్డి దీనికి విరుగుడు కనిపెట్టారు. రేకును యాసిడ్‌తో, పనిముట్లతో శిల్పంలా వేర్వేరు లోతులకు తవ్వుతారు. ముందు అట్టడుగు గీతల్లో సిరా నింపి తుడుస్తారు. అవిసెనూనె ఎక్కువ కలిపి పలచన చేసిన రంగును గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది ఎత్తైన భాగాలకే అంటుతుంది. నూనె తక్కువున్న చిక్కటి రంగును మెత్తటి రోలర్‌తో దొర్లిస్తే అది పల్లాల్లోకి దిగుతుంది. పైనున్న నూనెరంగు మీద మాత్రం నిలవదు. మూడు రంగులూ కలిసిపోకుండా ఒక్క అచ్చులో వస్తాయి. 1963 నాటి ఆయన సుడిగుండం చిత్రంలో నీటి వలయాల మధ్య నీలం, ఎరుపు సన్నటి గాట్లలా వెలిగేది ఈ నూనెల తగాదా వల్లే. 1972లో పద్మశ్రీ అందుకున్న కృష్ణారెడ్డి తర్వాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతిని నేర్పారు, 2018లో ఆ నగరంలోనే కన్నుమూశారు.

చివరి అభ్యంతరం నేటిది. ఫెర్రిక్ క్లోరైడ్‌తో రాగిని తినిపించి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు లక్షల్లో తయారవుతున్నాయి. ఫొటోను నేరుగా రేకు మీదికి దింపవచ్చు, లేజర్‌తో గీయవచ్చు. వృత్తిజ్ఞానమే కళకు తల్లి అయితే సర్క్యూట్ బోర్డు కళ ఎందుకు కాలేదు, ఇన్ని యంత్రాలున్నాక ఈ పాత పని ఎందుకు? మొదటి ప్రశ్నకు జవాబు పైన చెప్పిన ఘట్టాల్లోనే ఉంది. ఏ వృత్తీ తన పనిలో తాను ఉండగా ఎచ్చింగ్‌ను పుట్టించలేదు. కవచం చేసేవాడు కాగితం గురించి ఆలోచించినప్పుడు, చిత్రకారుడు వార్నిష్ వాసన చూసినప్పుడు, చమురు రసాయనం తెలిసినవాడు రేకు పట్టినప్పుడు అది కదిలింది. రెండో ప్రశ్నకు జవాబు కూడా దీన్నుంచే వస్తుంది. కొత్త యంత్రాలు శత్రువులు కావు, రేపటి వార్నిష్ డబ్బా అవే కావచ్చు. అయితే వాటిని అందుకోవడానికి యాసిడ్ ఎప్పుడు ఆపాలో, సిరా ఎంత తుడవాలో తెలిసిన చేతులుండాలి. కాబట్టి ఎచ్చింగ్‌కు ఇవ్వాల్సిన గౌరవం గోడ మీద ఫ్రేములో ఉన్న అచ్చు దగ్గర ఆగకూడదు. ప్రదర్శనశాలల చీటీల మీద గీసినవారి పేరుతో పాటు తెలిసినచోటల్లా అచ్చు తీసినవారి పేరూ ఉండాలి. కళాశాలలు ప్రెస్‌ను, యాసిడ్ గదిని, వాటిని నడిపే పనివారిని చిత్రకళ పాఠానికి తోకగా కాక పాఠంగానే చూడాలి. ఐదు వందల ఏళ్ళ చరిత్ర చూపుతున్న లెక్క ప్రకారం, ఆ గది మూతపడ్డ చోట ఎచ్చింగ్ పార్మిజానినో దగ్గరికి, అంటే కాగితం మీది గీతకు నకలు దగ్గరికి తిరిగిపోతుంది.